ఆకు వెనుకవైపు

కృష్ణానది పుట్టుచోటును, సముద్రమున గలియుచోటును రెండును చూచినవారు మనలో కొలదిమంది యుందురు. మొదటిది మహారాష్ట్రమందలి మహాబలేశ్వరము. సహ్యాద్రిపై సుమారు 4,500 అడుగుల యెత్తున నున్నది. రెండవది మా దివిసీమలోని హంసలదీవి. దాని ప్రక్కనే సముద్రపుటొడ్డున మా పాలకాయతిప్ప. ఈ రెంటినడుమ నది నడచు త్రోవ దాదాపు 1,400 కిలోమీటర్లు. పాత మహాబలేశ్వరమున పంచగంగ యను దేవాలయమునందు అయిదు నదులు ఒక్కచోట పుట్టునని చెప్పుదురు. అందు కృష్ణ యొకటి. ఆ కొండలే నేడు మన దేశమున స్ట్రాబెర్రీపంటకు ముఖ్యస్థానము. 2010లో ఆ పండునకు భౌగోళికమైన గుర్తింపుకూడ లభించినది. ఆ ప్రాంతముననే భిలార్ అను స్ట్రాబెర్రీతోటల పల్లె యున్నది. మహారాష్ట్ర ప్రభుత్వమువారు 2017 మే నెలలో దానిని పుస్తకముల గ్రామముగా జేసిరి. ఇండ్లలోను, గుళ్ళలోను, బళ్ళలోను పుస్తకములు పేర్చియుంచి, వచ్చినవారిని కూర్చుండి చదువుకొమ్మందురు. పండ్లు వెలకమ్ముకొను పల్లెలో పుస్తకములను ఊరక చదువనిత్తురని విని మేము కొంత అసూయపడితిమి.

"కృష్ణ పుట్టినచోట పండే పండు మన ఊళ్ళో ఎందుకు పండదండీ మాష్టారూ?" అని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మమ్ము నడిగినది. ఉప్పునేల, వేడిగాలి యని రెండుమాటలలో జెప్పి పాఠములోనికి బోవచ్చును. కాని ఆ ప్రశ్న వెనుక వారి యింటి అరుగుమీది పండ్రెండు కుండీలున్నవి. ఆ కుండీల ప్రక్కన మూడు మందుసీసాలున్నవి. ఆ సీసాల సంగతి వ్రాయుటకే మేమీ వ్యాసమునకు బూనుకొంటిమి.

ముందుగా మొక్కసంగతి. స్ట్రాబెర్రీ మన దేశపుది కాదు; ఆ మాటకు వచ్చినచో, తోటలలో నేడు పెంచునట్టిది ఏ అడవిలోను తనంత పుట్టలేదు. ఉత్తర అమెరికా తూర్పుభాగపు చిన్నపండ్ల జాతియు, దక్షిణమున చిలీదేశపు పెద్దపండ్ల జాతియు ఐరోపా తోటలలో కలిసికొనగా గలిగిన సంకరమిది. చిలీజాతిని 1714లో ఫ్రాన్సునకు దెచ్చినవాడు ఫ్రెజియే అను సైనిక ఇంజనీరు. ఆయన పోయినది స్పెయినువారి కోటల బలము కనిపెట్టుటకు. తెచ్చినది మొక్కలను గూడ. ఆ పండునకు ఫ్రెంచిభాషలో గల పేరునకును, ఆయన యింటిపేరునకును చుట్టరికముండుట యొక వింత. ఆయన తెచ్చినవన్నియు ఆడుపూలు మాత్రమే పూయు మొక్కలగుటచే చాలకాలము సరిగా కాయలేదు. ఉత్తర అమెరికాజాతి ప్రక్కన నున్నప్పుడే కాచినవి. ఈ సంకరపు మర్మమును డుషేన్ అను యువకుడు 1766లో తన గ్రంథమున వివరించెను.

మనము తిను ఎర్రని కండ నిజమునకు ఫలము కాదు. పువ్వు కూర్చుండిన పీట ఉబ్బి కండపట్టినది. పైన నంటియుండు గింజలవంటివే శాస్త్రప్రకారము ఫలములు. ఇది విడ్డూరముకొఱకు జెప్పుట లేదు. ఒక్కొక్క గింజకు పుప్పొడి అందిననేగాని దానిక్రింది కండ ఊరదు. సగము గింజలకందక పోయెనా, పండు ఒకప్రక్క నొక్కుకొనిపోయి గూనిదగును. అట్టిదానిని జూచి తెగులనుకొనువారున్నారు. తేనెటీగ రాలేదన్నమాటయే గాని అది తెగులు కాదు. పూతమీద మందుకొట్టినవాడే ఆ తేనెటీగను తఱిమియుండవచ్చును.

తెలుగునేలపై ఈ పంట చూడగోరువారు లంబసింగికి బోవలెను. అది చింతపల్లి మండలములో సముద్రమునకు సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న మన్యపు పల్లె. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో ముట్టడించిన పోలీసు ఠాణా ఆ చింతపల్లిలోనిదే. 2022 ఏప్రిలులో ఏర్పడిన కొత్తజిల్లాకు ఆయన పేరే పెట్టిరి. కాఫీ, మిరియము పండు ఆ ప్రాంతమున స్ట్రాబెర్రీ వచ్చి ఎంతోకాలము కాలేదు. చలికాలమున మంచు చూడవచ్చు యాత్రికులే దానికి ముఖ్యమైన బేరగాండ్రు. వానలు వెనుకబట్టిన పిదప ఎత్తుమళ్ళు పోసి, వానిపై నల్లని ప్లాస్టిక్కు పఱచి, దానికి రంధ్రములు చేసి పిలకలు నాటుదురు. నీరు గొట్టములగుండ బొట్టుబొట్టుగా వేళ్ళకే పోవును. చలి ముదిరినకొలది పండ్లు వచ్చును.

మేము పోయినది జనవరిలో. మళ్ళలో మాకు కనబడినవారందఱును స్త్రీలే. వంగి, ఆకులు తొలగించి, తొడిమతోగూడ పండ్లు గిల్లి గంపలలో నుంచుచున్నారు. ఒక మొక్క పచ్చదనము తగ్గి వెలవెలబోవుచుండగా దానికేమైనదని మేమొకామె నడిగితిమి. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. ఒక ఆకును పట్టుకొని వెనుకకు ద్రిప్పి, సూర్యునికెదురుగా బట్టి, "పైన చూస్తే ఏం తెలుస్తాది బాబూ, తిప్పి చూడాలి" అనెను. ఆకు వెనుక సన్నని సాలెగూడు, దానిలో ఆవగింజలో పదియవవంతు చుక్కలు కదలుచుండెను. ఎర్రనల్లి. కీటకములకు కాళ్ళారు, దీనికి ఎనిమిది. కావున ఇది పురుగుకంటె సాలీడునకే దగ్గఱచుట్టము. వేడిగాలి, పొడి, దుమ్ము దీనికి ప్రీతి. ఎండలు ముదిరినప్పుడు గ్రుడ్డునుండి పెరిగి గ్రుడ్డుపెట్టుటకు వారము పదిదినములకంటె ఎక్కువ పట్టదు.

బడిలో పది గ్రంథములు చెప్పిన మాకు ఆకు త్రిప్పిచూడవలెనని అంతకుముందు తోచకపోవుట సహజమే. మా చదువంతయు పుటకు పైవైపునే యుండును. ఆమె ఏ కళాశాలలోను చదువలేదు. అయినను ఆమె చేసినది శాస్త్రము. అడిగినంతనే మందుపేరు చెప్పువాడు చేయునది వ్యాపారము.

ఇక పాలకాయతిప్ప కుండీలకు వత్తము. ఆ బాలిక మేనమామ లంబసింగి చూడబోయి పండ్రెండు పిలకలను తడిగోనెలో జుట్టి తెచ్చెను. తల్లి వానిని మంచి ఎరువుమట్టిలోనే నాటెను. నాటుటలో నామె నేర్పరి. మొవ్వు మట్టిలో మునిగినచో కుళ్ళుననియు, పైకి దేలినచో ఎండుననియు ఎవరు చెప్పకయే యెఱుగును. మూడువారములు మొక్కలు బాగుగనే యున్నవి. పిదప ముదురాకుల అంచులు గోధుమరంగు దిరిగి కాలినట్లయ్యెను. ఆమె రెండాకులు కోసికొని ఒక మందులకొట్టునకు బోయెను. కొట్టువాడు ఆకును పైవైపునగూడ సరిగా చూడక, ఒకటి పురుగునకు, ఒకటి బూజునకు, ఒకటి బలమునకు అని మూడు సీసాలిచ్చి 720 రూపాయలు పుచ్చుకొనెను. ఆమె మూడింటిని ఒక్క చెంబులో గలిపి, చీపురుపుల్లలతో, వట్టిచేతులతో చల్లెను. మఱునాడు కనురెప్పలు వాచినవి. ఆకుల అంచులు మాత్రము ఎప్పటివలెనే కాలుచుండెను.

మేము వారి యింటికి బోయి మొదట చూచినది ఆకును గాదు, కుండీ అంచును. అక్కడ తెల్లని పొర గట్టియున్నది. వ్రేలితో దీసి నాలుకకు తగిలించినచో ఉప్పు. వారు పోయుచున్నది ఇంటిబోరునీరు. మాయూర రొయ్యలచెరువులకు కొదువలేదు. చెరువు కాపలాదారుల యొద్ద నీటిలోని ఉప్పు జూచు పనిముట్టుండును. దానిని తెప్పించి చూడగా లీటరునకు సుమారు 2 గ్రాముల ఉప్పు దేలినది. పంటలలో ఉప్పునకు మిక్కిలి సుకుమారమైనవి కొన్ని కలవు. వానిలో స్ట్రాబెర్రీ మొదటివరుసలోనిది. వేళ్ళచుట్టు తడిలో లీటరునకు ఇంచుమించు 0.6 గ్రాము ఉప్పు మించగానే దాని కాపు తగ్గనారంభించును. వరి దానికి మూడురెట్లు ఓర్చుకొనును. ప్రత్తి ఏడురెట్లకు పైగా ఓర్చును. వేళ్ళు త్రాగిన నీరు ఆకులనుండి ఆవిరియైపోవును, ఉప్పు మాత్రము ఆకు కొనలకు జేరి మిగులును. అందుచే అంచులే మొదట కాలును.

తెగులునకును ఉప్పుకాటునకును భేదము తెలియుట కష్టము కాదు. ఉప్పుకాటు ఒకేనీరు త్రాగు మొక్కలన్నిటికి ఒక్కమారే వచ్చును. ముదురాకులతో మొదలై అంచునుండి లోనికి బోవును. ఆకుమచ్చ తెగులు గుండ్రని మచ్చలుగా ఆకునడుమనే పుట్టును. మచ్చనడుమ తెల్లబడి, చుట్టు ఊదారంగు గీతయుండును. ఒక మొక్కనుండి ప్రక్క మొక్కకు ప్రాకును. ఎర్రనల్లి పట్టినచో ఆకంతయు సూదులతో పొడిచినట్లు తెల్లచుక్కలగును, వెనుక గూడుండును. ఈమాత్రము వివేచనకు కావలసినది రెండు కన్నులు, కాలుగంట ఓపిక. వానికి వెల లేదు గనుకనే కొట్టులో నవి దొరకవు.

ఉప్పుసంగతి దివిసీమవారికి వేఱొకరు చెప్పవలెనా? 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలకొలది ప్రజలను మ్రింగినప్పుడు పొలములపై నిలిచినది సముద్రమే. వాననీరును కాలువనీరును పెట్టి తీసి, పెట్టి తీసి నేలను కడుగవలెనని ఇచటి ముసలివారెల్లరు నెఱుగుదురు. పులిగడ్డయొద్ద నదిపాయపై గట్టిన అక్విడక్టుమీదుగా వచ్చు కాలువనీరు లేనిచో దివిలో వరియే లేదు. చేనికి తెలిసిన యీ మాట కుండీకి తట్టకపోవుటకు గారణము, కుండీ స్త్రీలపనియనియు చేను పురుషులపనియనియు మనమే గీచుకొన్న గీత. ఆ యింటి యజమాని ఇరువదియేండ్లుగా చౌడు కడుగుచున్నాడు. అరుగుమీది కుండీ నొక్కనాడును చూచినవాడు కాడు.

కార్తికమాసపు వానలకు చూరుక్రింద బిందెలు పెట్టించితిమి. అడుగున రంధ్రములు పెద్దవిచేసి, కుండీ అడుగునుండి ధారగా గాఱువఱకు ఒక్కొక్కదానికి మూడుమార్లు వాననీరు పోయించితిమి. పిమ్మట అదేనీరు, అది ముగిసినపుడు కాలువనీరు వాడిరి. పండ్రెండింటిలో ఏడు తేఱుకొన్నవి. క్రొత్తగా వచ్చిన ఆకుల అంచులు నున్నగా నుండెను. సంక్రాంతికి కాపు వచ్చినది. పండ్లు బొటనవ్రేలి గోరంత, పులుపుపాలెక్కువ. లంబసింగి పండుతో బోల్చదగినవి కావు. పిల్లలు మాత్రము పోల్చలేదు.

ఆ సీసాల నిప్పుడు పరిశీలింతము. 1968లో జేసిన పురుగుమందుల చట్టము క్రింది నిబంధనలను బట్టి ప్రతి సీసామీదను చతురస్రపు గుర్తుండవలెను. దాని క్రిందిసగపు రంగు విషతీవ్రతను దెల్పును. ఎరుపు అన్నిటికంటె ప్రమాదము. తరువాత పసుపు, పిమ్మట నీలము, కడపట ఆకుపచ్చ. చదువురానివారికిగూడ తెలియవలెనని యేర్పఱచిన గుర్తిది. వారి సీసాలలో నొకదానిపై పసుపున్నది. ఆ యింట చదువు వచ్చినవారు ముగ్గురున్నారు. ఒక్కరును దానిని జూడలేదు. చూడుమని వారికి మన పాఠ్యపుస్తకములలో ఏ పాఠము చెప్పినది?

మఱియొక సంగతి. మందు కొట్టిన పిదప ఇన్నిదినములు కోయరాదని సీసామీద వ్రాసియుండును. వరికైనచో దానిని పాటింపవచ్చును, కోత ఒక్కమారే. స్ట్రాబెర్రీ కాపునకు వచ్చిన పిదప దినము విడిచి దినము కోయవలెను, లేదా కుళ్ళును. ఒకే మొక్కపై పూవు, పిందె, దోర, పండు అన్నియు నొక్కమారే యుండును. వారము దినములు కోయరాదను మందును అట్టి మొక్కపై కొట్టి, ఆ నియమమును పాటించుట యెట్లు? పైగా అరటికి తొక్కయున్నది, మామిడికి తొక్కయున్నది. దీనికి తొక్క లేదు. పిల్లలు దీనిని కోసినచోటనే నోట వేసికొందురు. కాపుమీదనున్న స్ట్రాబెర్రీకి ఘాటుమందు కొట్టరాదని మా దృఢమైన అభిప్రాయము. వ్యాపారముగా బండించువారు నష్టమను మాట చెప్పుదురు, నష్టము నిజమే. తినువాని నష్టమునుగూడ ఆ లెక్కలో వ్రాయవలెను.

మందు తన శత్రువును దానే పెంచుటయు గలదు. ఎర్రనల్లిని తిని బ్రతుకు జీవులు తోటలో ననేకములు: అక్షింతలపురుగులు, అల్లికరెక్కపురుగులు, నల్లులను తిను వేఱు నల్లులు. అన్నిటిని జంపు మందు కొట్టగా ఈ మిత్రులు ముందు చచ్చును. ఎర్రనల్లి గూటిచాటున మిగిలి, తినువారు లేక పదింతలగును. అప్పుడు రెండవ మందు. చిలీదేశమునుండి జర్మనీకి వచ్చిన పూలమొక్కలపై 1958 ప్రాంతమున నొక వేటనల్లిని కనుగొనిరి; అది ఎర్రనల్లిని దప్ప వేఱేమియు తినదు. నేడు పలుదేశముల స్ట్రాబెర్రీతోటలలో దానిని కొని తెచ్చి వదలుచున్నారు. ఆ పండు తల్లులలో నొకతెయు చిలీదే, దాని కాపలాయు చిలీదే. మన యింటి కుండీలకంత యేర్పాటు అక్కఱలేదు. ఆకు వెనుకకు గట్టిగా నీరు చిమ్మినచో సగము నల్లి పోవును; మిగిలినదానికి సాయంకాలము వేపనూనెను సబ్బునీటిలో గిలకకొట్టి ఆకు వెనుకవైపునే పట్టించినచో చాలును. పైన కొట్టిన వేపనూనె వృథా.

సంపన్నదేశములుగూడ ఈ పండువిషయమున మనకంటె వివేకము చూపలేదు. కాలిఫోర్నియాలో నాటుటకు ముందు నేలను మిథైల్ బ్రోమైడను విషవాయువుతో పొగబెట్టి, మట్టిలోని సమస్తమును జంపుట పరిపాటియై యుండెను. ఆ వాయువు ఓజోనుపొరను చెఱచునని తెలిసి, 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికక్రింద సంపన్నదేశములు 2005నాటికి దానిని మానవలెనని నిర్ణయమైనది. అయినను స్ట్రాబెర్రీకొఱకని అమెరికావారు ఆ గడువు దాటిన పిదపగూడ పెక్కేండ్లు మినహాయింపులు పొందిరి. రేచెల్ కార్సన్ 1962లో తన గ్రంథమున హెచ్చరించినది వారినే గదా!

స్ట్రాబెర్రీకి పెద్దశత్రువు బూడిదరంగు బూజు. ఇది పండుమీద గనబడును గాని పట్టునది పూవును. వాడిన రేకులలో బ్రవేశించి పచ్చిపిందెలో నణగియుండి, పండు పక్వమునకు వచ్చి తీపెక్కినప్పుడు బయటపడును. కావున పండుమీద బూజుచూచి మందుకొట్టువాడు దొంగ పోయిన తరువాత తలుపు వేసికొన్నవాడు. చల్లదనము, తడి, గాలిచొరని గుబురు దానికి బలము. తలమీదుగా నీరు పోయక మొదట పోయుట, సాయంకాలము తడపక ఉదయము తడపుట, ఎండిన ఆకులను, వాడిన రేకులను ఏరివేయుట, మొక్కకు మొక్కకు అడుగెడు ఎడముంచుట, పండు మట్టికి తగులకుండ ఎండుగడ్డి పఱచుట, బూజుపట్టినదానిని తోటలో పాఱవేయక దూరముగా పాతిపెట్టుట: ఇంతటితో అది చాలవఱకు అణగును. వరిగడ్డికి మా యూర కొదువేమి? వేరుకుళ్ళునకు మందుకంటె మురుగు పోవు దారియే మేలు. బూడిద తెగులు, పేనుబంక, నత్తలు ఇంటితోటలో నంత బాధింపవు. పిచ్చుకలకు పాతచేపలవల కప్పిన చాలును.

ఇట్టివి వ్రాయునప్పుడు మా సంస్కృతపు మిత్రులు మన పూర్వులకివన్నియు తెలియునందురు. సురపాలుని వృక్షాయుర్వేదమున వృక్షములకును మనుష్యులకువలె వాతపిత్తకఫములవలన రోగములు కలుగునని చెప్పబడినమాట నిజమే. సికిందరాబాదులోని ఆసియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషనువారు దానిని 1996లో ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించిరి. వరాహమిహిరుడును బృహత్సంహితలో చలి, గాలి, ఎండలవలన చెట్లకు రోగములు వచ్చునని చెప్పెను. వారు నల్లిని చూడలేదు, బూజుబీజమును చూడలేదు. సూక్ష్మదర్శిని లేనికాలమున చూడవలెననుటయు తగదు. కాని రోగమునకు ముందు గాలిని, నీటిని, ఎండను విచారింపవలెనన్న వారి క్రమము ఉప్పుకాటుపడిన ఆ కుండీకి సరిగా సరిపోయినది. ఆ గ్రంథమును పూజగదిలో బెట్టువారికిని, అటకమీద బాఱవేయువారికిని మేము చెప్పునది యొక్కటే: తెఱచి చదువుడు.

ఈ జాగ్రత్త స్ట్రాబెర్రీవంటి వినోదపు పంటకేగదా యని చదువరులు తేలికపడరాదు. 2021-22లో తెలుగు రాష్ట్రములు రెండింటను మిరపతోటలపై క్రొత్తజాతి నల్ల తామరపురుగు విరుచుకొనిపడినది. అది పూవులో దాగును. రైతులు అప్పుచేసి, సీసాపై సీసా తెచ్చి, మందుపై మందు గలిపి కొట్టిరి. పురుగు చావలేదు, పూత నిలువలేదు, పెక్కుచోట్ల తోటలనే పెఱికివేసిరి. ఆ యేట మందులకొట్లకు మాత్రము నష్టము వచ్చినట్లు మేము వినలేదు.

మార్చి ఎండలకు ఆ యేడు స్ట్రాబెర్రీ మొక్కలును పోయినవి. మా తీరమున వేసవి దాటించుట కష్టము, మఱల ఆశ్వయుజమున కొండనుండి పిలకలు రావలసినదే. ఆ కుండీలలో నిప్పుడు మిరప యున్నది. బాలిక లెక్కలపుస్తకపు కడపటిపుటలలో తేదీలు వేసి, ఒక్కొక్క మొక్కకు రెండు పూవులు, రెండాకుల వెనుకలు చూచి లెక్క వ్రాయుచున్నది. గడచిన ఆదివారమునాడు మూడవకుండీ పూవులో నాలుగు నల్ల తామరపురుగులు కనబడినవట. తల్లి మందులకొట్టునకు బోలేదు. తామరపురుగు నీలిరంగునకు మూగునని విని, పాత అట్టముక్కకు నీలిరంగు వేసి, దానికి ఆముదము పూసి, కుండీలనడుమ పుల్లకు గట్టినది. బుధవారమునకు దానిమీద అంటినవి ముప్పదియొకటి.